ఎడమకాలు బాగలేదని చెప్పాను

మా జట్టు ఆ సంవత్సరం అట్టడుగున నిలిచింది. ఎనిమిది జట్లలో ఎనిమిదోది. ఆడిన మ్యాచుల్లో ఒక్కటే గెలిచాం, అదీ అవతలివాళ్లు తొమ్మిది మందే వచ్చినందువల్ల. అయినా సీజన్ ముగిసిన రోజు మాలో ఎవరూ పెద్దగా దిగులుపడలేదు. ఖోబర్, దమ్మాం ప్రాంతంలో మనవాళ్లు నడుపుకునే ఆ ఫుట్‌బాల్ పోటీల్లో ఒక నియమం ఉండేది. కొత్తగా సౌదీకి వచ్చినవాళ్లలో కాలేజీకో యూనివర్సిటీకో ఆడిన కుర్రాళ్ల పేర్లన్నీ ఏడాదికొకసారి ఒక కాగితం మీద రాస్తారు. ఒక శుక్రవారం వాళ్లందరినీ ఆడించి చూస్తారు. మరుసటి శుక్రవారం ఒక్కో జట్టు ఒక్కొక్కరిని ఎంచుకుంటుంది. చివర నిలిచిన జట్టుకు మొదటి అవకాశం. ఎంచుకున్నాక సీజనంతా మార్చుకోవడానికి వీల్లేదు. ఆ మనిషి మధ్యలో వెళ్లిపోతే ఆ చోటు ఖాళీయే.

మా జట్టులో ఎంపిక చేసేది ముగ్గురం. కెప్టెన్‌ది హైదరాబాద్ పాతబస్తీ, సరుకుల వ్యాను నడిపేవాడు, అందరికీ భాయ్. గోల్‌కీపర్ జగిత్యాల వైపు మనిషి, టైల్స్ మేస్త్రీ, నలభై దాటినా గోల్ ముందు నిలబడేవాడు. నాకంటే పెద్ద కాబట్టి ఆయన్ని అన్నా అనేవాణ్ని. మూడోవాణ్ని నేను. కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఆడాను, మోకాలు దెబ్బతిన్నాక మానేశాను. ఇక్కడ జట్టుకు మేనేజర్ అనేవాళ్లు. అంటే ఫోన్లు చేయడం, నీళ్ల సీసాలు మోయడం, రిఫరీతో గొడవపడటం.

గోల్‌కీపరన్నా నేనూ ఒకే కంపెనీ, ఒకే క్యాంపు. ఏసీలు, పైపులు, ఇళ్ల మరమ్మతులు చూసే కాంట్రాక్టు కంపెనీ మాది. నేను ఆఫీసులో హెచ్.ఆర్. క్లర్కుని. కాగితం మీద మాత్రం కాదు. నా ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డులో, వృత్తి అన్నచోట తాపీ పనివాడు అని ఉండేది. హెచ్.ఆర్. ఉద్యోగాలు సౌదీవాళ్లకే ఇవ్వాలని చట్టం. తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే నేను తల మీద హెల్మెట్ పెట్టుకుని వెనక స్టోరులోకి వెళ్లి, సిమెంటు బస్తాల పక్కన నిలబడేవాణ్ని. వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. ఏడేళ్లు అలాగే బతికాను.

ఆ ఏడు జాబితాలో పదకొండు పేర్లున్నా, చూడదగ్గవాళ్లు ఇద్దరే.

ఒకడు హైదరాబాద్ కుర్రాడు. వాళ్ల నాన్న ఖోబర్‌లో ఒక పెద్ద కంపెనీలో అకౌంటెంటు. ఇంటర్ దాకా ఇక్కడి ఇండియన్ స్కూల్లోనే చదివి, ఇంజనీరింగుకు హైదరాబాద్ వెళ్లి, అక్కడ యూనివర్సిటీ జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడి, చదువు కాగానే మళ్లీ తల్లిదండ్రుల దగ్గరకు వచ్చాడు. మంచి బూట్లు, మంచి ఎత్తు. బంతి కాలికి తగిలితే చాలు, గోల్ వైపు తిరిగిపోయేవాడు.

రెండోవాడు జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చాడు. బీకాం చదివి, ఊళ్లో చేసే పని లేక, ఏసీ హెల్పరుగా మా కంపెనీకే వచ్చాడు. వచ్చి ఎనిమిది నెలలు. అతనూ యూనివర్సిటీకి ఆడినవాడే, డిఫెండర్. మాటలు తక్కువ. ఆ శుక్రవారం పొద్దున ఇసుక మైదానంలో అందరినీ రెండు జట్లుగా చేసి ఆడించినప్పుడు, హైదరాబాద్ కుర్రాణ్ని ఆపే పని ఇతనికే పడింది. ఎనిమిది సార్లు ఆ కుర్రాడు గోల్ వైపు దూసుకొస్తే ఆరు సార్లు బంతి ఇతని కాళ్ల దగ్గర ఆగిపోయింది. తోయలేదు, కిందపడి జారలేదు. బంతి వచ్చే చోటికి ముందే వెళ్లి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడేవాడు. నా పక్కనున్న మలయాళీ జట్టు మేనేజరు రెండుసార్లు నా వైపు తిరిగి చూశాడు.

మా జట్టు అట్టడుగున నిలవడానికి కారణం గోల్స్ చేయకపోవడం కాదు, అడ్డమైన గోల్సూ తినడం. మాకు కావలసింది డిఫెండర్. ఫుట్‌బాల్ తెలిసిన ఎవరైనా అదే చెబుతారు. మైదానం నుంచి క్యాంపుకి వచ్చే దారిలో నేను మనసులో ఎంపిక చేసేశాను కూడా.

రెండు రోజుల తర్వాత మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు.

నితాఖాత్ అని ప్రభుత్వం అప్పటికే కంపెనీలను రంగులుగా విడదీసింది. సౌదీవాళ్లు తగినంత మంది ఉంటే పచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. మా కంపెనీ ఎరుపులోకి జారింది. ఎరుపులో ఉంటే ఎవరి ఇకామా కూడా రెన్యువల్ కాదు. దానికి తోడు తలకింత అని లెవీ కూడా మొదలైంది. ముదీర్ ఉపాయం తేలికైనది. సౌదీవాళ్లను పెంచలేకపోతే పరాయివాళ్లను తగ్గించాలి, లెక్క అదే సరిపోతుంది. పని వచ్చినవాళ్లను ఉంచి హెల్పర్లను రెండు నెలల్లోగా పంపేయాలి. ఆ జాబితా నేను తయారు చేయాలి.

"ఎవరికీ తెలియకూడదు. ఎరుపు కంపెనీ మనిషి తన కఫీల్‌ని, వీసా ఇచ్చిన యజమానిని, అడక్కుండానే వేరే కంపెనీకి మారిపోవచ్చు. తెలిస్తే ముందు మంచి టెక్నీషియన్లు పోతారు. బయటికి పొక్కితే నువ్వే చెప్పావనుకుంటా," అని నా ఇకామా కార్డు వైపు వేలు చూపించాడు. తాపీ పనివాడు.

ఆ సాయంత్రమే జాబితా, దానితోపాటు ఒక్కొక్కరికీ ఫైనల్ ఎగ్జిట్ కాగితం, అంటే దేశం విడిచి వెళ్లిపొమ్మనేది, టైపు చేసి డ్రాయరులో పెట్టాను. ఇరవై ఆరు పేర్లు. పద్నాలుగోది జగిత్యాల కుర్రాడిది.

శుక్రవారం నమాజు అయ్యాక భాయ్ వచ్చాడు. మేం ముగ్గురం ఎప్పుడూ కూర్చునే మలయాళీ హోటల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. నాలుగింటికి అందరి ముందూ పేరు చెప్పాలి.

"ఇద్దరు మంచోళ్లే. కానీ గోల్ కొట్టేటోడు లేక మనం మొత్తుకుంటున్నం. పట్నం పిల్లగాన్ని తీస్కుందాం," అన్నాడు భాయ్.

గోల్‌కీపరన్న గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ముంగట నిలవడ్తవు, నీకేం ఎర్క? సీజనంతా నెట్ల నుంచి బంతి ఏరుకచ్చింది నేను. నా నడుము పోయింది. ఎనక ఒక మనిషి కావాలె నాకు. నిన్నటిదాక తమ్మి గూడ అదే అంటుండె గదా."

ఇద్దరూ నా వైపు చూశారు. ఒకరికి ఒకరు సరి. నా మాటే మిగిలింది.

నిజం చెప్పడానికి వీల్లేదు. రెండు నెలల్లో వెళ్లిపోయే మనిషిని తీసుకుంటే సీజనంతా పదిమందితో ఆడాలి. పట్నం కుర్రాణ్ని తీసుకుందాం అని ఊరుకున్నా సరిపోయేది. కానీ అన్న కారణం అడుగుతాడని తెలుసు. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని దాచి రాస్తే మిగతాదంతా రాయడం దండగ. పట్నం కుర్రాడి నాన్న పెద్ద కంపెనీలో ఉన్నాడు. మా కంపెనీ మునిగితే ఆయన్ని ఒక మాట అడగొచ్చు అన్న ఆలోచన అప్పటికే నాలో ఉంది.

"ఆ జగిత్యాల పిల్లగానికి ఎడమకాలు బాగలేదన్నా," అన్నాను. "నేను జూసిన. ఎడమ పక్కకు బంతి పోతే తిరుగుతలేడు. మొన్న ఎవ్వరు పట్టుకోలే గని, రెండు మ్యాచుల్ల అందరికి తెలుస్తది."

అన్న నా వైపు తిరిగాడు. "ఎడమకాలా? ఆరు సార్లు బంతి గుంజుకున్నడు గదనే. ఏ కాలుతోటి గుంజుకున్నడు?"

"కుడికాలు మీదనే నడుపుతుండు."

"నాకు గట్ల కొట్టలే."

"నేను అదే జాగల ఆడిన. నాకు ఎర్క."

ఆ మాటతో ఆయన నోరు మూసేశాను. ఆ జట్టులో డిఫెండర్‌గా కాలేజీకి ఆడినవాణ్ని నేనొక్కణ్నే. ఆట గురించి నేను చెప్పిన మాట మీద అన్నకి ఆరేళ్లుగా నమ్మకం.

భాయ్ నవ్వాడు. "బస్, అయిపోయింది. ఇద్దరం ఒకటైనం."

అన్న లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళుతూ, "మనోడని గూడ సూడకుండ జేసినవ్, తమ్మీ," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అర్థంకాకపోవడం ఉంది.

నాలుగింటికి నేనే లేచి పట్నం కుర్రాడి పేరు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎంచుకోవలసింది మలయాళీ జట్టు. వాళ్ల మేనేజరు నన్ను పక్కకు తీసుకెళ్లి హిందీలో అడిగాడు. "మీ కంపెనీ కుర్రాణ్ని మీరే వదిలేశారు. ఏంటి విషయం? నాకు చాలా నచ్చాడు."

ఆయన ఒక పెద్ద కంపెనీలో సూపర్‌వైజరు. పచ్చలో ఉన్న కంపెనీ. తన జట్టులో ఆడేవాళ్లను వీలైతే తన కంపెనీకి మార్పించుకుంటాడని ఖోబర్‌లో అందరికీ తెలుసు. అప్పటికే ముగ్గుర్ని అలా తీసుకున్నాడు.

మంచి ఆటగాడు, తీసుకోండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అన్న నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఇప్పుడు పొగిడితే మధ్యాహ్నం చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. ఆయన ఎందుకు అని అడుగుతాడు. ఆ ఎందుకు వెనక జాబితా ఉంది. జాబితా వెనక నా ఉద్యోగం ఉంది.

"ఎడమకాలు బాగలేదు," అన్నాను హిందీలో.

ఆయన తలూపి, వేరే కుర్రాడి పేరు చెప్పాడు. ఆ మాట నోళ్లు మారుతూ మైదానమంతా తిరిగింది. తన కంపెనీలోనే పనిచేసే జట్టు మేనేజరే వద్దన్న మనిషిని ఎవరు తీసుకుంటారు? ఎనిమిది జట్లు ఎనిమిది పేర్లు చెప్పాయి. అతని పేరు ఎవరూ చెప్పలేదు. అతను చివరిదాకా నిలబడి, తర్వాత కుర్చీలు మడిచి వ్యానులో పెట్టడానికి సాయం చేశాడు.

మరుసటి రోజు డ్యూటీ బస్సు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు.

"అన్నా, నా ఎడమకాలు మంచిగ లేదన్నవట."

తప్పుగా చెప్పానని అంటాడేమో, గొడవపడతాడేమో అనుకున్నాను.

"మా కాలేజీల సార్ ఎప్పుడు చెప్పలే. నాకు గూడ తెల్వలే. నువ్వన్నంక సోచాయించిన. నిజమే కావచ్చు. ఏం జేస్తే మంచిగైతదో జర చెప్పు. వచ్చే ఏడు మళ్ల పేరిస్త."

అతనికి వచ్చే ఏడు లేదు. ఆ సంగతి నా డ్రాయరులో ఉంది.

"గోడకు కొట్టు," అన్నాను. "రోజుకు రెండు వందల సార్లు. ఎడమకాలుతోటే. దగ్గరికెళ్లి షురూ జేసి ఎనకకు పోతుండు."

ఎందుకు చెప్పాను? ఏదో ఒకటి చెప్పి పంపించాలనిపించింది. అతను నా చేయి పట్టుకుని కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు పిలుపు అయ్యాక, బస్సులు రాకముందు, క్యాంపు వెనక గోడకు బంతి తగిలే చప్పుడు మొదలయ్యేది. నా గది ఆ వైపే. పడక మీద ఉండి లెక్కపెట్టేవాణ్ని. నలభై, యాభై, అరవై. ఎక్కడో ఒకచోట లెక్క తప్పేది. కొన్నాళ్లకు స్నానాల గది పైపు వదిలి ఆ చప్పుడు వినపడకుండా చేసుకున్నాను. నీళ్లు వృథా చేస్తున్నావని నా గదివాడు తిట్టాడు.

ఒక్కసారి చెప్పాలనుకున్నాను. మెస్‌లో పక్కన కూర్చుని, "నీకు వేరే కంపెనీల ఎవరన్న తెలుసా?" అన్నాను. "ఎందుకన్నా?" అన్నాడు. అప్పుడే ముదీర్ డ్రైవరు పళ్లెం పట్టుకుని మా బల్ల వైపు వచ్చాడు. "ఊకెనే," అన్నాను. అతను, "మన కంపెనీ మంచిగనే ఉన్నది గదా, నువ్వున్నవ్," అని అన్నం కలుపుకున్నాడు.

ఆరు వారాలు గడిచాక జాబితా మెస్ హాలు గోడ మీద అంటించారు. అంటించింది నేనే.

ఇరవై ఆరు మందీ ఒకరి తర్వాత ఒకరు నా బల్ల ముందుకు వచ్చి ఫైనల్ ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టాలి. ఒకాయన ఏడ్చాడు. ఒకాయన నన్నూ మా ముదీర్‌నీ కలిపి తిట్టాడు. పద్నాలుగోవాడిగా అతను వచ్చి కూర్చున్నాడు. మిగతావాళ్లెవరూ కాగితం చదవలేదు. అతను బీకాం చదివినవాడు. పైనుంచి కిందిదాకా చదివాడు. చివర, ఎడమ మూలన, కాగితం తయారైన తేదీ కంప్యూటర్ దానంతటదే వేసింది. నేను చూసుకోలేదు.

అతను ఆ తేదీ మీద వేలు పెట్టాడు.

"గిది మీరు పేర్లు చెప్పిన శుక్రవారం కంటె ముందుదే గదన్నా."

నేను కాగితం నా వైపు తిప్పుకుని ఆ తేదీ చూశాను.

"నువ్వే టైపు జేసినవా?"

"అవు."

"అంటే నా కాలు మంచిగనే ఉండె."

వెనక ఇంకా పన్నెండు మంది వరుసలో ఉన్నారు. ఫ్యాను తిరుగుతోంది. "మంచిగనే ఉండె," అన్నాను.

సంతకం పెట్టాడు. లేచాక, "అప్పుడే చెప్తే ఏడనన్న దొర్కుతుండెనేమో," అన్నాడు. నన్ను అడిగినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు. మూడో రోజు దమ్మాం విమానాశ్రయానికి బస్సు వచ్చింది. నేను ఆఫీసులోంచి బయటికి రాలేదు.

గోల్‌కీపరన్నకు ఎవరు చెప్పారో తెలియదు, ఆ వారమే తెలిసిపోయింది. నా గదికి వచ్చి గడపలోనే నిలబడ్డాడు. "ఉద్యోగం కోసం నోరు మూసుకున్నవంటే నేను సమజ్ జేసుకుంట. నాకు గూడ పిల్లలున్నరు. గని వాని ఆట మీదెందుకు మన్ను వోసినవ్? గదొక్కటే ఉండె వానికాడ," అన్నాడు. తర్వాత ఒకే క్యాంపులో ఏడాదికి పైగా ఉన్నాం. ఆయన నాతో మాట్లాడలేదు. జట్టుకు ఆడటం కూడా మానేశాడు, గోల్ ముందు ఇంకొకణ్ని నిలబెట్టుకున్నాం.

ఇక మేం ఎంచుకున్న పట్నం కుర్రాడు మూడు మ్యాచులు ఆడి నాలుగు గోల్స్ చేశాడు. ఆ మూడు వారాలు భాయ్ మొహం వెలిగిపోయింది. నాలుగో మ్యాచుకు ముందు కుర్రాడి నాన్న ఫోన్ చేశారు. కుటుంబంలో ఒక్కొక్కరికీ ఇంత అని కొత్తగా పడిన లెవీ వచ్చే ఏడు ఇంకా పెరుగుతుందట. భార్యనీ పిల్లలనీ హైదరాబాద్ పంపించేస్తున్నారు. "అబ్బాయి ఇక్కడ ఉండి ఏం చేస్తాడు చెప్పండి?" అన్నారు. నేను నా ఉద్యోగం మాట అడగలేదు. ఆయనే అన్నారు, మా దగ్గర కూడా మనుషుల్ని తీసేస్తున్నారండీ అని.

అలా ఎవరి ఇకామా ఎక్కువ రోజులు నిలుస్తుందో చూసి ఆటగాణ్ని ఎంచుకున్న నేను అక్కడా తప్పాను. జగిత్యాల కుర్రాడు ఆరు వారాలుంటే ఇతను నాలుగు వారాలున్నాడు. మిగిలిన సీజను పదిమందితో ఆడి, మళ్లీ ఎనిమిదో స్థానంలో నిలిచాం. మరుసటి ఏడు ఎనిమిది జట్లు లేవు. ఐదు మిగిలాయి. మాది ఆ ఐదులో లేదు.

నా వంతు ఏడాదిన్నరకు వచ్చింది. నా కుర్చీలోకి ఒక సౌదీ యువకుణ్ని తీసుకున్నారు. పని నన్నే నేర్పమన్నారు. మర్యాదస్తుడు, నాకు రోజూ ఖర్జూరాలు తెచ్చేవాడు. ఎగ్జిట్ కాగితం ఎలా తయారు చేయాలో నేర్పడానికి నమూనాగా నా కాగితమే చేయించాను. నా పేరు స్పెల్లింగు ఒకటికి రెండుసార్లు అడిగి రాశాడు.

కరీంనగర్ వచ్చాక నాలుగైదు నెలలు ఎటూ కదల్లేదు. తర్వాత ఒకరోజు బస్సెక్కి జగిత్యాల వెళ్లాను. బస్టాండుకు దగ్గర్లో ఏసీ, ఫ్రిజ్ రిపేర్ల షాపు పెట్టాడని విన్నాను. చిన్న షట్టరు, లోపల విప్పిన కంప్రెసర్లు. నన్ను చూసి గుర్తుపట్టి లేచాడు. స్టూలు తుడిచి వేశాడు. ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. భాయ్ ఎలా ఉన్నాడు, గోల్‌కీపరన్న వచ్చేశాడా అని అడిగాడు. పెళ్లయిందట, పాప పుట్టిందట. ఆట మాట ఎత్తలేదు. నన్ను సార్ అంటున్నాడు.

నేను అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ గుండెలో ఒకటి మిగిలిపోయింది. దాదాపు రెండేళ్లు మోశాను. అతనికి తెలియనిది అదొక్కటే. మలయాళీ మేనేజరు ఆ సాయంత్రం నన్ను అడిగిన సంగతి, ఆయనకు అతను నచ్చిన సంగతి, నేను ఆయనకు కూడా అదే అబద్ధం చెప్పిన సంగతి, ఆయన తన మనుషుల్ని తన కంపెనీకి మార్పించుకునేవాడన్న సంగతి, అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఛాతీ తేలికవుతున్నట్టనిపించింది.

అతను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆయన తీస్కుంటుండెనా?" అన్నాడు.

"తీస్కుంటుండె."

"గిది చెప్పకపోతే మంచిగుండు, సార్," అన్నాడు. "వేరే టీములోళ్లకు ఎవ్వరికి పసంద్ రాలే, నా రాత అనుకున్న. కంపెనీ పంపింది, మీరేం జేస్తరు అనుకున్న. మొత్తం మర్చిపోయిన. ఇప్పుడు మళ్ల దినాం యాదికస్తది."

ఎవరో స్కూటర్ ఆపి, ఫ్రిజ్ చల్లబడటం లేదని పిలిచారు. అతను సంచి భుజాన వేసుకుని, "చాయ్ తాగిపోండ్రి సార్," అని వెళ్లాడు. నేను చాయ్ సగం తాగి, షట్టరు ఎవరు వేస్తారో తెలియక కాసేపు నిలబడి, పక్క షాపతనికి చెప్పి బస్టాండుకు నడిచాను.